కొత్త మంచులో నడకకు ఎంఎస్ఆర్ ఈవో 22 స్నోషూలు: ఎంతవరకు పనికొస్తాయి, ఎక్కడ ఆగిపోతాయి

రాత్రంతా మంచు కురిసి తెల్లారేసరికి ఆకాశం తేటపడిందంటే, ఆ పొద్దుటి రెండు మూడు గంటలు తాజా మంచుకు అసలైన అందం. కొమ్మల మీద పేరుకున్నది ఇంకా రాలి ఉండదు. గాలికి మంచు ఇంకా అలలు కట్టి ఉండదు. నేల మీద ఒక్క అడుగు జాడ ఉండదు. చిక్కల్లా అందులోకి వెళ్లడమే. మామూలు బూట్లతో దిగితే కాలు మోకాలిదాకా కూరుకుపోతుంది. దాన్ని పైకి లాగి ఇంకో అడుగు వేస్తే అదీ అంతే. పావుగంటకే ఒళ్లంతా చెమట పడుతుంది, ఆగితే ఆ చెమటే చల్లబడి వణికిస్తుంది. ఏది చూడాలని వచ్చామో దానివైపు తలెత్తి చూసే ఓపిక మిగలదు. బూట్ల కింద కట్టుకునే వెడల్పాటి పలకల్లాంటి స్నోషూలు ఉన్నది ఈ ఇబ్బంది తగ్గించడానికే. కాబట్టి ఈ సమీక్షలో కొలబద్ద ఒకటే: కాళ్ల సంగతి మరిచిపోయి చుట్టూ చూడనిస్తున్నాయా, లేదా?

ముందే తేల్చి చెప్పాలంటే, చదునైన మైదానాలు, అడవి బాటలు, చిన్న చిన్న గుట్టలు, మోకాలికి లోపు తాజా మంచు: వీటికి ఈవో 22 చాలా మంచి ఎంపిక. మొదటిసారి స్నోషూలు కట్టుకునేవాళ్లకు నిస్సంకోచంగా చెప్పొచ్చు. నడుముదాకా వచ్చే పిండిలాంటి పొడిమంచుకు మాత్రం ఇవి చిన్నవి. నిటారు కొండలెక్కాలనుకునేవాళ్లు వేరే రకం చూసుకోవాలి.

ఎంఎస్ఆర్ అంటే మౌంటెన్ సేఫ్టీ రీసెర్చ్. పర్వతారోహణ పరికరాలు ఎంతవరకు నమ్మదగినవో పరీక్షించాలన్న పట్టుదలతో 1969లో సియాటిల్‌లో లారీ పెన్‌బర్తీ మొదలుపెట్టిన సంస్థ. ఈవోలో ఆ స్వభావం కనిపిస్తుంది. నిర్మాణం చాలా సాదా, విరిగే భాగాలు తక్కువ. పేరులోని 22 అంటే పొడవు 22 అంగుళాలు, దాదాపు 56 సెంటీమీటర్లు. వెడల్పు 20 సెంటీమీటర్లు. పైన కనిపించేదంతా ఒకే అచ్చులో పోసిన గట్టి ప్లాస్టిక్ డెక్. దాని అడుగున నిలువుగా రెండు పక్కలా పళ్లున్న ఉక్కు పట్టాలు. కాలివేళ్ల కింద ఉక్కు క్రాంపాన్, అంటే మంచులోకి దిగబడే కొక్కేల పళ్లెం. బూటును పట్టుకునే బైండింగ్ ఒక ఇరుసు మీద తిరుగుతుంది. మడమ లేచినప్పుడు స్నోషూ తోక కింద వేలాడుతూ వస్తుంది, డెక్ మీద పడ్డ మంచు దానంతటదే జారిపోతుంది. ఈ చిన్న ఏర్పాటు లేకపోతే అడుగడుక్కీ కిలో మంచు మోస్తూ నడవాల్సిందే.

ఇప్పుడు లెక్క చూద్దాం, ఎందుకంటే చాలామంది నిరాశపడేది ఇక్కడే. పెద్దవాళ్ల బూటు అడుగు వైశాల్యం సుమారు 250 చదరపు సెంటీమీటర్లు. ఈవో డెక్‌ది, అంచుల వంపులు తీసేసినా, 1000కి దగ్గరగా ఉంటుంది. అంటే మంచు మీద పడే ఒత్తిడి దాదాపు నాలుగో వంతుకు తగ్గుతుంది. తగ్గుతుంది, అంతేగాని పోదు. స్నోషూలు వేసుకుంటే మంచు మీద తేలుతూ నడుస్తామన్న ఊహ ముందే వదిలేసుకోవాలి. తొడదాకా దిగే చోట పిక్కదాకా దిగుతారు, పిక్కదాకా దిగే చోట చీలమండ దాకా దిగుతారు. నడక సుఖంగా సాగడానికి ఆ తేడా చాలు.

ఎంత దిగుతారన్నది మంచు రకం మీద కూడా ఆధారపడి ఉంటుంది. మేఘంలో చలి మైనస్ 15 డిగ్రీల చుట్టుపక్కల ఉండి తేమ దండిగా ఉంటే, కొమ్మలు కొమ్మలుగా చీలిన నక్షత్రాల్లాంటి స్ఫటికాలు పెరుగుతాయి. అవి నేల మీద పడ్డాక ఒకదాని కొమ్మల్లో ఇంకోటి చిక్కుకుని మధ్యలో బోలెడు గాలిని పట్టి ఉంచుతాయి. అలాంటి మంచు ఘనపు మీటరుకు 50 నుంచి 100 కిలోలే తూగొచ్చు. నీరైతే అదే కొలతకు వెయ్యి కిలోలు. చూడ్డానికి అన్నిటికంటే అందమైన మంచు ఇదే, కాలు అన్నిటికంటే లోతుగా దిగేదీ దీన్లోనే. సున్నా డిగ్రీలకు దగ్గర్లో పడే తడిమంచు బరువుగా ఉంటుంది, కాలిని బాగా మోస్తుంది, కాకపోతే అడుగున అంటుకుంటుంది. ఆ గొడవ కాసేపట్లో చూద్దాం.

కంపెనీ చెప్పే బరువు పరిమితి 82 కిలోలు. ఇది మీ ఒంటి బరువొక్కటే అనుకోకండి. బూట్లు, చలి బట్టలు, సంచి, నీళ్లు, కెమెరా, ట్రైపాడ్ అన్నీ కలిపి చూసుకోవాలి. 72 కిలోల మనిషి 10 కిలోల సరంజామాతో బయల్దేరితే అప్పటికే అంచు మీద ఉన్నట్టు. దీనికి విరుగుడుగా విడిగా తోకలు అమ్ముతారు. 15 సెంటీమీటర్ల ప్లాస్టిక్ ముక్కలు, డెక్ వెనక తగిలించుకోవాలి, పనిముట్లు అక్కర్లేదు. వాటితో పరిమితి 113 కిలోలకు పెరుగుతుంది. పొడవు నాలుగో వంతు పైగా పెరిగినట్టే కాబట్టి మెత్తటి మంచులో తేడా మొదటి అడుగులోనే తెలుస్తుంది. 70 కిలోలు దాటినవాళ్లు, తాజా మంచు కోసమే వెళ్లేవాళ్లు స్నోషూలతో పాటు తోకలు కూడా తీసుకోవడం మంచిది. తొక్కిన బాట మీద నడిచే రోజున ఇంట్లో వదిలేయొచ్చు. తోకలు లేకుండా ఇవి నిజంగా చురుగ్గా ఉంటాయి, వెడల్పు తక్కువ కాబట్టి కాళ్లు ఎడం చేసి బాతులా నడవాల్సిన అవసరం రాదు.

బైండింగ్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. స్నోషూ ఎంత మంచిదైనా కట్టుకోవడం తప్పితే రోజంతా పాడవుతుంది. ఈవోలో తయారైన సంవత్సరాన్ని, రకాన్ని బట్టి పట్టీల అమరిక మారుతూ వచ్చింది. సూత్రం మాత్రం అదే: పాదం ముందు భాగం మీద అడ్డంగా వచ్చే పట్టీలు, మడమ వెనక నుంచి చుట్టుకొచ్చే ఇంకో పట్టీ. ముందు కుడి ఎడమలు చూసుకోండి. పట్టీల కొసలు పాదానికి బయటివైపుకి రావాలి. తారుమారైతే లోపలివైపు వేలాడే కొసల్ని రెండో కాలు తొక్కుతుంది, ముందుకు బోర్లా పడతారు. బూటు అడుగున అంటుకున్న మంచును పోల్‌తో, అంటే చేత పట్టుకునే నడక కర్రతో, తట్టి రాల్చండి. అది అలాగే ఉంటే పట్టీ ఎంత బిగించినా పది నిమిషాల్లో ఒత్తిడికి నలిగి వదులైపోతుంది. తర్వాత పాదంలో అన్నిటికంటే వెడల్పయిన భాగం, బొటనవేలి మొదట్లో గుండ్రంగా ఉండేది, సరిగ్గా ఇరుసు మీదకు వచ్చేలా పెట్టండి. ముందుకు ఎక్కువ జరిగితే బూటు ముక్కు డెక్ అంచుకు కొట్టుకుంటుంది, వెనక్కి జరిగితే క్రాంపాన్ పళ్ల మీద బరువు పడదు, ఎక్కేటప్పుడు జారుతుంది.

ముందు పట్టీలు బిగించాక మడమ పట్టీ వేయండి. మడమ పట్టీని ముందే లాగేస్తే పాదం ముందుకు నెట్టుకుపోయి ఇందాకటి కొలత తప్పుతుంది. పట్టీ గట్టిగా పట్టుకోవాలి గాని వేళ్లను నొక్కకూడదు. బూటు లోపల వేళ్లు ఆడించి చూసుకోండి. ఆడకపోతే రక్తం సరిగా ఆడనట్టే, అరగంటలో వేళ్లు మొద్దుబారతాయి. మెత్తటి రబ్బరు బూట్లతో ఈ ఇబ్బంది తరచూ వస్తుంది, ఎందుకంటే పట్టీ ఒత్తిడి నేరుగా పాదం మీద పడుతుంది. మడమ దగ్గర బిరుసుగా, నీళ్లు ఇంకని నడక బూట్లు ఉంటే మంచిది. చలి ఎక్కువని రెండు జతల మేజోళ్లు బిగించి తొడిగితే లాభం కంటే నష్టమే ఎక్కువ. ఒక్క మందపాటి ఉన్ని మేజోడు, వేళ్ల దగ్గర కాస్త ఖాళీ, అదే వెచ్చన.

చివరగా కాలు పైకెత్తి వదలండి. స్నోషూ తోక తేలిగ్గా కిందికి వాలి, బూటు ముక్కు డెక్‌లోని ఖాళీలోంచి తగలకుండా కిందికి దిగితే కట్టడం కుదిరినట్టు. పది నిమిషాలు నడిచాక ఒకసారి ఆగి మళ్లీ బిగించుకోవాలి. ఇది ఎవరికైనా తప్పదు, పట్టీ నాసిరకమని కంగారుపడొద్దు.

అడుగున మంచు ముద్ద కట్టడం స్నోషూ వాడేవాళ్లందరికీ తెలిసిన బాధ. క్రాంపాన్ పళ్ల మధ్య మంచు గట్టిపడి టెన్నిస్ బంతంత ముద్ద అవుతుంది, దాని మీద నిలబడితే చీలమండ మెలిక పడుతుంది. కారణం చాలాసార్లు వాతావరణం కాదు, మన తొందర. వెచ్చటి కారులోంచి తీసిన స్నోషూను వెంటనే మంచు మీద పెడితే ఉక్కు వేడికి అడుగు మంచు కరుగుతుంది, మరుక్షణం గడ్డకడుతుంది, దానికి కొత్త మంచు పొరలు పొరలుగా అంటుకుంటుంది. పావుగంట ముందే బయట పెట్టి చల్లారనిస్తే సగం సమస్య తీరుతుంది. తడిమంచు రోజుల్లో మిగతా సగం ఎలాగూ ఉంటుంది. అప్పుడప్పుడు పోల్‌తో డెక్ పక్కన గట్టిగా ఒక దెబ్బ వేస్తూ పోవాలి.

నడక సంగతికొస్తే, చదునులో నేర్చుకోవాల్సింది పెద్దగా ఏమీ లేదు. ఎక్కేటప్పుడు స్నోషూ ముక్కును మంచులోకి తన్ని, బరువు వేళ్ల మీదకు తెచ్చి, ఒక్క క్షణం ఆగి అప్పుడు లేవాలి. ఆ క్షణంలో కింద నలిగిన స్ఫటికాలు ఒకదాన్నొకటి పట్టుకుని మెట్టులా గట్టిపడతాయి. ఆగకుండా లేస్తే మెట్టు కూలిపోయి కాలు వెనక్కి జారుతుంది. దిగేటప్పుడు మోకాళ్లు కొంచెం వంచి మడమ ముందు ఆనించండి. భయంతో వెనక్కి వాలారంటే తోక స్కీలా జారుతుంది. కొండ వాలుకు అడ్డంగా నడిచేటప్పుడే ఈవో విలువ తెలుస్తుంది. అడుగున నిలువునా ఉన్న ఉక్కు పట్టాలు వాలులోకి కొరికి పట్టుకుంటాయి. గుండ్రటి అల్యూమినియం గొట్టాల చట్రం మీద గుడ్డ బిగించిన స్నోషూలు ఇదే చోట పక్కకు జారిపోతుంటాయి. వెనక్కి నడవడం మాత్రం ఎవరి తరమూ కాదు, తోక మంచులో గుచ్చుకుంటుంది. తిరగాలంటే చిన్న అర్ధచంద్రాకారంలో అడుగులు వేస్తూ తిరగండి.

లోతు మంచులో పడితే చెయ్యి ఆనించి లేవబోతారు, చెయ్యి భుజందాకా దిగిపోతుంది. రెండు పోల్స్‌నూ గుణకారం గుర్తులా మంచు మీద అడ్డంగా పడుకోబెట్టి, అవి కలిసే చోట అరచెయ్యి ఆనించి లేవండి. అన్నట్టు పోల్స్‌కు వెడల్పాటి మంచు బాస్కెట్లు, అంటే కింది కొస దగ్గర ఉండే బిళ్లలు, ఉండాలి. వేసవి నడకలకు వాడే చిన్న బాస్కెట్లతో పోల్ పిడిదాకా దిగిపోయి ఏ సాయమూ చేయదు.

నలుగురు కలిసి వెళ్తే ముందు నడిచేవాళ్లకే శ్రమంతా. వెనకవాళ్లు తయారైన బాటలో నడుస్తారు. పది నిమిషాలకోసారి ముందువాళ్లు పక్కకు తప్పుకుని వరసలో చివరికి రావాలి. దూరం అంచనా వేసేటప్పుడు మామూలు నడక వేగంలో సగమే లెక్క వేసుకోండి. పిక్కదాకా దిగుతుంటే ఇంకా తక్కువ.

మడమ కింద లేపుకునే కడ్డీ ఈవో సాదా రకంలో లేదు. నిటారు ఎక్కుడులో పిక్కలు లాగకుండా మడమను ఎత్తి పట్టే ఏర్పాటు అది. ఈవో అసెంట్ రకంలో ఉంటుంది. గంటల తరబడి ఎక్కే ఉద్దేశం ఉంటే ఆ రకమే తీసుకోండి. అప్పుడప్పుడు చిన్న గుట్ట ఎక్కేవాళ్లకు దాని అవసరం కనిపించదు.

ఈవో మీద ఎక్కువగా వినిపించే ఫిర్యాదు చప్పుడు. అది నిజమే. పైపొర గట్టిపడ్డ మంచు మీద, రాళ్లు తేలిన బాట మీద ప్లాస్టిక్ డెక్ టకటకలాడుతుంది. పక్కవాళ్ల మాట కూడా సరిగా వినిపించదు. గుడ్డ డెక్ ఉన్నవి ఇంతకంటే నెమ్మదిగా ఉంటాయి. తాజా మంచులో మాత్రం ఈ లోపం దాదాపు మాయమవుతుంది, ఎందుకంటే డెక్ తగిలేది మెత్తటి పొరకే. పైగా కొత్త మంచు తన పొరల మధ్య గాలి గదుల్లో శబ్దాన్ని ఇంకించుకుంటుంది. నిలబడి ఊపిరి బిగబట్టి వినండి. దూరపు రోడ్డు హోరు ఉండదు, కొమ్మ మీంచి జారిన మంచు నేలను తాకిన మెత్తటి చప్పుడొక్కటి వినిపిస్తుంది. చలి మైనస్ 10 దాటిన పొద్దున అడుగు వేస్తే కింద కిర్రుమంటుంది. స్ఫటికాలు కరగకుండా ఒకదానికొకటి రాసుకుని విరిగే చప్పుడది. వెచ్చటి రోజున ఆ కిర్రు ఉండదు, మెత్తగా నలుగుతుంది అంతే.

అసలు స్నోషూల వల్ల ఒరిగేది ఇదే: బాట వదిలి, ఎవరూ తొక్కని చోటికి వెళ్లి, స్థిరంగా నిలబడగలగడం. స్కీల మీద నిలబడితే జారుతుంటాం, బూట్లతో నిలబడితే కూరుకుపోతుంటాం. స్నోషూల మీద నిలబడి పది నిమిషాలు కదలకుండా చూడొచ్చు. మోకాళ్ల మీద కూర్చోవాలంటే డెక్ వెనక భాగం పీటలా పనికొస్తుంది. ఈ వాడకానికి ఈవో బిరుసు డెక్ గుడ్డ డెక్ కంటే మేలు, ఒక వైపు ఒరగదు.

చూడాల్సినవి చాలా ఉన్నాయి. సూర్యుడు ఇంకా కిందే ఉన్నప్పుడు ఎండకు ఎదురుగా నిలబడండి. మంచు మీద వేల మెరుపులు కనిపిస్తాయి. ఒక్కో మెరుపు ఒక్కో స్ఫటికపు చదును ముఖం. చిన్న అద్దంలా సరిగ్గా మీ కంటివైపు తిరిగి ఉన్నవే మెరుస్తాయి. తల బెత్తెడు పక్కకు జరిపితే అవి ఆరిపోయి వేరేవి వెలుగుతాయి. మధ్యాహ్నానికి ఆ ముఖాలు ఎండకు అంచులు కరిగి గుండ్రమవుతాయి, మెరుపు చచ్చిపోయి ఉత్త తెల్లదనం మిగులుతుంది. గాలి వీస్తే స్ఫటికాల కొమ్మలు విరిగి ఆ మెరుపు ఇంకా తొందరగా పోతుంది. పొద్దున్నే వెళ్లమనేది అందుకే.

మంచు ఇంకా పడుతుంటే నల్లటి ఉన్ని చేతితొడుగు చాపండి. ముందే పావుగంట బయట చల్లబరిచిన తొడుగైతేనే స్ఫటికం కరగకుండా నిలుస్తుంది. పదింతలు పెద్దగా చూపే చిన్న భూతద్దం ఉంటే ఆరు కొమ్మలు, వాటి మీద ఈనెల్లాంటి పిల్ల కొమ్మలు స్పష్టంగా కనిపిస్తాయి. ఊపిరి పక్కకు వదలాలి, లేకపోతే క్షణంలో నీటిచుక్క. కొన్నిసార్లు నక్షత్రాలేవీ ఉండవు, సన్నటి సూదులే పడుతుంటాయి. మైనస్ 5 ప్రాంతంలో అలాంటివి పెరుగుతాయి.

ఇంకొకటి. లోతుగా, శుభ్రంగా, కాస్త కుదురుకున్న మంచులో పోల్‌ను అర మీటరు పైగా గుచ్చి మెల్లగా తీయండి. ఆ రంధ్రంలోకి తొంగి చూస్తే లోపల లేత నీలం. వెలుగు మంచు రేణువుల మధ్య అటూ ఇటూ తగులుతూ లోపలికి పోయేకొద్దీ అందులోని ఎరుపును మంచు మింగేస్తుంది, నీలం మిగులుతుంది. పైన తెల్లగా, కింద నీలంగా కనిపించడానికి అదే కారణం.

జాడలు చదవడానికీ కొత్త మంచే మంచిది. రెండు పెద్ద గుర్తులు పక్కపక్కన, వాటి వెనక రెండు చిన్నవి ఒకదాని తర్వాత ఒకటి కనిపిస్తే కుందేలు. పెద్దవి వెనక కాళ్లవి. గెంతినప్పుడు వెనక కాళ్లు ముందు కాళ్లను దాటి ముందు పడతాయి, కాబట్టి అది పోయింది పెద్ద గుర్తులవైపు. ఉత్తర అమెరికా అడవుల్లో స్నోషూ కుందేలనే పేరే ఉంది ఒకదానికి. వెడల్పాటి వెనక పాదాలు చేసే పని మన కాళ్లకు కట్టుకున్న డెక్ చేసేదే. జాడల వెంట నడవాలనిపిస్తే పక్కగా, వాటిని తొక్కకుండా నడవండి. చలికాలంలో జంతువులను పరుగెత్తించడమంటే వాటి ఒంట్లో దాచుకున్న కొవ్వును దండగ చేయించడమే.

ఫొటోలు తీసేవాళ్లు ఎక్స్‌పోజర్‌ను ఒకటి నుంచి ఒకటిన్నర స్టాపులు పెంచుకోవాలి. కెమెరా తన ముందున్నదాన్ని సగటు బూడిద రంగుగా లెక్కకడుతుంది, అలాగే వదిలేస్తే మంచు మురికి నీళ్లలా వస్తుంది. విడి బ్యాటరీ లోపలి జేబులో ఒంటి వేడికి దగ్గరగా పెట్టుకోండి. తిరిగి వెచ్చటి గదిలోకి వెళ్లే ముందే కెమెరాను జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో మూసేయండి. తేమ సంచి మీద పడుతుంది, లెన్స్ మీద పడదు.

కళ్ల విషయంలో అశ్రద్ధ వద్దు. తాజా మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా వెనక్కి కొడుతుంది. పైనుంచి వచ్చేది ఒక వంతు, కిందినుంచి వచ్చేది దాదాపు ఇంకో వంతు. మబ్బు రోజున కూడా కేటగిరీ 3 (అద్దం ఎంత ముదురో చెప్పే అంకె) చలువ కళ్లద్దాలు పెట్టుకోండి. ఎత్తయిన చోట్ల, మంచు మైదానాల మీద కేటగిరీ 4 కావాలి. వాటితో బండి మాత్రం నడపకూడదు. సన్‌స్క్రీన్ గడ్డం కింద, ముక్కు రంధ్రాల అంచుల్లో కూడా రాయాలి.

బట్టలు కొద్ది మాటల్లో: ఒంటికి తగిలేది ఉన్ని లేదా సింథటిక్, నూలు వద్దు, తడిస్తే ఆరదు. బయల్దేరేటప్పుడు కొంచెం చలి అనిపించాలి. ఆగి చూసేటప్పుడు వేసుకోవడానికి బొద్దు జాకెట్ సంచిలో ఉండాలి. పిక్కలకు గెయిటర్లు, అంటే బూటు పైభాగాన్ని కప్పే తొడుగులు, తప్పనిసరి, లేకపోతే బూటులోకి మంచు పోతుంది. నీళ్ల సీసా తలకిందులుగా పెడితే గడ్డకట్టేది అడుగున, మూత దగ్గర నీళ్లు అందుతాయి.

ఇక ఏ స్నోషూ కాపాడలేని సంగతి ఒకటుంది. ఇవి ఎక్కడికైనా తీసుకెళ్తాయి, అదే ప్రమాదం. మంచు చరియలు ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలులో. పెద్ద మంచు పడ్డాక మొదటి 24 నుంచి 48 గంటలు ముప్పు ఎక్కువ, అంటే అందం నిండుగా ఉండే గంటలే. మీరు నిలబడ్డ చోటు చదునుగా ఉన్నా పైన నిటారు వాలుంటే అది వచ్చి పడేది మీ మీదకే. ఆ ప్రాంతపు చరియల హెచ్చరిక 1 నుంచి 5 అంకెల్లో ఇస్తారు. వెళ్లే పొద్దున అది చూడకుండా కొండవైపు పోవద్దు. నడుస్తుంటే కాళ్ల కింద దభీమని కుంగిన చప్పుడు, మంచులో చీలిక పరుగెత్తడం కనిపిస్తే అక్కడికక్కడే వచ్చిన జాడలోనే వెనక్కి తిరగండి. వాలుల జోలికి వెళ్లాలంటే ట్రాన్సీవర్ (మంచు కింద కూరుకుపోయినవాళ్లను వెతికే రేడియో పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార మూడూ ఉండాలి, వాటిని వాడే శిక్షణ ఉండాలి. ఇవేవీ లేనివాళ్లకు చదునైన అడవులు, మైదానాలు చాలినంత అందంగా ఉంటాయి.

అడవిలోనూ సతతహరిత చెట్ల మొదళ్లకు దూరంగా నడవండి. కిందికి వాలిన కొమ్మలు మంచును ఆపేయడంతో కాండం చుట్టూ బోలు గొయ్యి ఏర్పడుతుంది, పైకి కనిపించదు. స్నోషూలతో అందులో పడితే కాళ్లు కొమ్మల్లో చిక్కుకుని సొంతంగా బయటపడటం కష్టం. జతగా వెళ్లడం, మెడలో ఈల వేసుకోవడం మంచిది. గడ్డకట్టిన చెరువు మీద కొత్త మంచు పడితే దానికింద మంచుగడ్డ మందమెంతో పైనుంచి తెలియదు. మంచు దుప్పటి చలిని అడ్డుకుంటుంది కాబట్టి గడ్డ నెమ్మదిగా పెరుగుతుంది కూడా. ఆ తెల్లటి చదును ఎంత ఊరించినా ఒడ్డునుంచే చూడండి.

మన్నిక విషయంలో ఈవోకు వంక పెట్టడం కష్టం. చిరిగే గుడ్డ లేదు, వంగే గొట్టం లేదు. పాడయ్యేది ఎక్కువగా పట్టీలే, ముఖ్యంగా రంధ్రాల దగ్గర సన్నటి చీలికలు. వాడి వచ్చాక మామూలు నీళ్లతో కడిగి గాలికి ఆరబెట్టండి. రోడ్ల మీద చల్లిన ఉప్పు అంటితే ఉక్కు తుప్పు పడుతుంది. హీటర్ పక్కన ఆరబెడితే పట్టీలు గిడసబారతాయి. రాళ్లు తేలిన చోట, సిమెంటు మీద నడిస్తే క్రాంపాన్ పళ్లు మొద్దుబారతాయి, అక్కడ విప్పి చేతబట్టుకోండి. కాలం ముగిశాక పట్టీలన్నీ వదులు చేసి, ఎండ పడని చోట, మీద బరువు లేకుండా పెట్టండి. మళ్లీ తీసినప్పుడు ప్రతి పట్టీని రంధ్రం రంధ్రం వంచి చూడండి, ఇరుసు పిన్నులు కదులుతున్నాయేమో పట్టి ఊపి చూడండి. ఒక విడి పట్టీ, రెండు జిప్ టైలు, అర మీటరు తీగ సంచి అడుగున ఎప్పుడూ ఉంచండి. మూడూ కలిపినా గుప్పెడు చోటు పట్టవు.